కదలని చుక్క

స్లైడర్‌ని 1890 దగ్గర్నుంచి 1965 దాకా లాగాను. స్క్రీన్ మీద మా వాళ్ళంతా చుక్కలై, గీతలై అటూ ఇటూ తిరిగారు గానీ మా ముత్తాత ఒక్క అంగుళం కూడా కదల్లేదు. కోరంగి దగ్గర మా ఊళ్ళో పుట్టాడు, ఆ ఊళ్ళోనే పోయాడు. మధ్యలో దాదాపు ముప్ఫై ఏళ్ళు రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. ఎన్నిసార్లు స్టీమరెక్కి వెళ్ళాడో, ఎన్నిసార్లు తిరిగొచ్చాడో లెక్కలేదు. మా వంశంలో ఆయనంత తిరిగిన మనిషి లేడు. మ్యాప్ ప్రకారం మాత్రం ఆయనే అందరికంటే తక్కువ తిరిగాడు.

వంశవృక్షాన్ని ఇలా కదిలే మ్యాప్‌గా మార్చడం ఇప్పుడు పెద్ద విద్యేం కాదు. కుటుంబ వివరాలు జెడ్‌కామ్ ఫైల్‌లో ఉంటే చాలు. గ్రాంప్స్ లాంటి ఉచిత ప్రోగ్రాములు వాటిని నేరుగా మ్యాప్ మీద చూపిస్తాయి. కాస్త కోడ్ రాయగలిగితే లీఫ్‌లెట్ వాడి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద మన సొంతంగా పరుచుకోవచ్చు. నాకు రెండు శని ఆదివారాలు పట్టింది. ఇలాంటివి ఈమధ్య చాలా చూశాను. చాలావరకు అందంగా ఉన్నాయి. అందంగా ఉన్నాయి కాబట్టే వీటిని ఒక కథని చదివినట్టు చదవాలనిపించింది. కథ ఎవరు చెప్తున్నారు, ఎవర్ని వదిలేస్తున్నారు అని.

కథ చెప్పేది ఆ ఫైలే. జెడ్‌కామ్‌ని 1984లో తయారు చేసింది అమెరికాలోని మోర్మన్ చర్చి, తన వంశావళి పని కోసం. అందులో పుట్టుకకీ, చావుకీ, పెళ్ళికీ వేరువేరు గుర్తులుంటాయి. నిజం చెప్పాలంటే దేశం విడిచి వెళ్ళడానికీ, కొత్త దేశంలో దిగడానికీ కూడా గుర్తులున్నాయి. కాబట్టి తప్పంతా ఫార్మాట్ మీదకి నెట్టలేం. కానీ ఆ గడులు నింపేదెవరు? మన ఇళ్ళల్లో పుట్టిన ఊరు, పోయిన ఊరు తెలిస్తేనే గొప్ప. ప్రోగ్రాం ఆ రెంటి మధ్యా ఒక గీత గీసేసి, దానికి ప్రయాణమని పేరు పెడుతుంది. ఒకసారి ఓడెక్కి మళ్ళీ తిరిగిరాని మనిషి కథకి ఈ గీత సరిగ్గా సరిపోతుంది. ఏడాదికోసారి కోతలకి వచ్చి, ఇల్లు కప్పించి, మళ్ళీ కాకినాడలో స్టీమరెక్కే మనిషి ఇందులో పట్టడు.

అయితే ఈ మ్యాప్ నన్నొక చోట ఓడించింది, అది ఒప్పుకోవాలి. మగవాళ్ళు రంగూన్ పోతే ఆడవాళ్ళు ఇల్లు కనిపెట్టుకుని ఉన్నారన్నది మా ఇంటి కథ. మ్యాప్ దాన్ని తిరగేసింది. మగవాళ్ళందరూ చుక్కలు, ఆడవాళ్ళందరూ గీతలు. ప్రతి గీతా పుట్టింటి నుంచి మెట్టినింటికి. పన్నెండు కిలోమీటర్లొకటి, ఇరవై ఒకటి. మా తాతమ్మది గౌతమి దాటి వచ్చిన గీత. వీటిని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వలస అనలేదు. ఏ పుస్తకమూ చెప్పని మాట ఒక ప్రోగ్రాం, అదీ తనకి తెలీకుండానే, చెప్పింది. (ఒక తాతమ్మ పుట్టిల్లు కొత్తపల్లి అని రాస్తే, అది ఆమెని వేరే జిల్లా కొత్తపల్లిలో పుట్టించింది. తెలుగు నేల మీద కొత్తపల్లులకి కొదవేముంది!)

ఈ మ్యాపులు ఎవరి విషయంలో బాగా పనిచేస్తాయో చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి 1860 నుంచి 1911 దాకా 1,52,184 మందిని ఒప్పంద కూలీలుగా తీసుకెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఓడల జాబితాల్లో మనిషికో నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి. వాళ్ళ మునిమనవలు ఇవాళ ఊరి పేరుతో సహా మ్యాపు గీసుకోగలుగుతున్నారు. బర్మా దారి అలాంటిది కాదు. అక్కడికి కూలీలు మేస్త్రీల వెంట, అప్పు చేసి, డెక్ టికెట్ మీద వెళ్ళారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవు పనంతా తెలుగువాళ్ళ చేతుల్లో ఉండేది. 1930 మేలో అల్లర్లు మొదలైందీ అక్కడే, వాళ్ళ సమ్మె దగ్గరే. మన కోరంగి పేరే బర్మాలో మనవాళ్ళకి తిట్టుపేరయింది. ఊరి పేరు జాతి మొత్తానికి అంటుకుంది గానీ, మనిషి పేరు పక్కన ఊరి పేరు రాసిపెట్టుకున్నవాడు లేడు. కూలీని బంధించిన కాగితమే అతని జాడని మిగిల్చింది. కాగితం లేకుండా వెళ్ళినవాడు మ్యాప్‌లో కదలని చుక్కయ్యాడు. దీనికి సంతోషించాలో ఏడవాలో నాకు తెలీదు.

మంచి గీత ఎలా ఉంటుందో చెప్పడానికి అందరూ చూపించే ఉదాహరణ ఒకటుంది, 1869లో షార్ల్ మినార్ గీసిన నెపోలియన్ రష్యా దండయాత్ర. పోయేటప్పుడు 4,22,000 మంది వెడల్పున మొదలైన పట్టీ, తిరిగొచ్చేసరికి 10,000 మంది పాటి దారమైపోతుంది. పోవడం ఒక రంగు, రావడం ఇంకో రంగు. కుటుంబ మ్యాపుల్లో ఎవరు పోయినా, ఎందరు తగ్గినా గీత సన్నబడదు. పోయిన గీత, వచ్చిన గీత ఒకటే.

మా ఇంట్లో ఆ తేడా 1942. అంతకుముందు డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మార్చికల్లా నగరం పోయింది. లక్షల మంది భారతీయులు బయల్దేరారు. ముత్తాత, తాతమ్మ, ఆరేళ్ళ కూతురు, ఏడాది నిండని కొడుకు ప్రోమ్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఆరకాన్ కొండలు నడిచి టాంగప్ చేరారు. ఆ దారిలో కలరా. టాంగప్ నుంచి పడవలో అక్యాబ్, చిట్టగాంగ్, తర్వాత రైళ్ళు, చివరికి సామర్లకోట. రంగూన్‌లో పుట్టి మా ఊళ్ళో ఉన్న ఆ కూతురిని మేం రంగూన్ మామ్మ అంటాం. ఆమె గీత మ్యాప్‌లో బంగాళాఖాతం మీదుగా నిటారుగా, విమానంలో వచ్చినట్టుంది.

పిల్లాడు రాలేదు. వాడి వివరాల్లో పోయిన చోటు అన్న గడిలో నేను "బర్మా" అని రాశాను, అంతకంటే తెలీదు కాబట్టి. ప్రోగ్రాం ఖాళీని సహించదు. దేశం పేరు చూసి దేశానికి నడిమధ్య, మాండలే దాపుల్లో చుక్క పెట్టింది. నేను స్లైడర్ లాగాను. మిగతా చుక్కలన్నీ మా ఊరి వైపు వస్తుంటే, ఏడాది నిండని పిల్లాడొక్కడే రంగూన్ నుంచి ఉత్తరానికి, ఒంటరిగా, మాండలే దాకా వెళ్ళాడు.

నేను ఈ మ్యాపుల్ని కొట్టిపారెయ్యను, ఇంకా గీస్తున్నాను. కానీ తెలిసినదాన్నీ, ఊహించినదాన్నీ ఒకే రంగు గీతతో గియ్యడం నిజాయితీ కాదు. ప్రతి చుక్క పక్కనా "ఎవరు చెప్పారు" అని ఉండాలి. తెలియని చోట గీత తెగిపోవాలి. అది చూడ్డానికి అందంగా ఉండదు, స్లైడర్ మధ్యలో నత్తినత్తిగా ఆగుతుంది. ఆగనీ.

మామ్మకి లాప్‌టాప్ చూపించాను. ఆరకాన్ కొండల్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు వెతికింది. "ఇందులో ఆ వాగేదిరా?" అంది. ఏ వాగు మామ్మా అంటే పేరు తెలీదంది. వాగు దాటగానే పెద్ద చెట్టుందట, అమ్మ అక్కడ చాలాసేపు కూర్చుందట. నేను మాండలే చుక్క తీసేశాను. గడిలో మామ్మ చెప్పిన మాటలే రాశాను: టాంగప్‌కి ముందు, వాగు దాటాక, చెట్టు కింద. ప్రోగ్రాం దాన్ని ఎర్రగా చూపించి, ఈ స్థలం దొరకలేదంటోంది.