తాడుకు ముందు గుప్పెడు చెక్క

పుత్తూరు, వడమాలపేట, నారాయణవనం చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికి రెండో మూడో ఆవులుంటే, వాటి మంచిచెడ్డలు చూసేది ఎక్కువగా ఆడవాళ్లే. జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరజాతి ఆవు ఒక్కొక్కటి మూడు నాలుగు వందల కిలోలు తూగుతుంది. రెండుపూటలా పాలు పిండాలి, ఎదకొచ్చినప్పుడు సూది వేయించడానికి కొయ్యల మధ్య నిలబెట్టాలి, గాలికుంటు టీకాకు ఆరునెలలకోసారి పట్టివ్వాలి, చెవికి ట్యాగు వేయించాలి, కుంటితే గిట్ట ఎత్తి చూడాలి. ఇందులో ఏదీ కండబలంతో జరిగే పని కాదు. అయినా ఆవు మొండికేసిందంటే మన చెయ్యి మొదట పోయేది పలుపు మీదికి, తర్వాత ముక్కుతాడు మీదికి, ఆఖరికి కర్ర మీదికి. రోజూ ఎలాగూ పెట్టే దాణాలోంచి గుప్పెడు పక్కకు తీసి, సరైన క్షణంలో నోటికందిస్తే ఈ మూడూ చేసే పనిని అదే చేస్తుందని, వాటికంటే బాగా చేస్తుందని నా వాదన. దీన్ని గారాబమనో లంచమనో తీసిపారేసేవాళ్లున్నారు. పాలు పిండడం ఎంత పనితనమో ఇదీ అంతే పనితనం. చేతగానివాళ్లు చేస్తే చెడేది కూడా అందుకే.

ముందు పాల సంగతే చూద్దాం, ఎందుకంటే భయం ఖరీదు మొదట తేలేది చెంబులోనే. పొదుగు కడిగి తడిమినప్పుడు, దూడ కుడిచినప్పుడు ఆవు ఒంట్లో ఆక్సిటోసిన్ విడుదలై ఒకటి రెండు నిమిషాల్లో ఆవు చేపుతుంది. ఆ చేపు నిలిచేది ఐదారు నిమిషాలే. ఆ సమయంలో ఆవు బెదిరితే అడ్రినలిన్ అడ్డుపడి పాలు దిగవు. మనవాళ్లు ఎగచేపిందనేది దీన్నే. 1941లో అమెరికాలో ఎలీ, పీటర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు కాగితం సంచులు పేల్చి ఆవుల్ని బెదరగొట్టి మరీ ఈ సంగతి తేల్చారు. 1990లలో డెన్మార్క్, కెనడా పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. వాళ్ల పరీక్షల్లో తమను కొట్టినవాళ్లెవరో, మంచిగా చూసినవాళ్లెవరో ఆవులు విడివిడిగా గుర్తుపెట్టుకున్నాయి. కొట్టిన మనిషి పాలు పిండేచోట ఊరికే నిలబడినా పొదుగులో మిగిలిపోయే పాలు పెరిగాయి. ఆస్ట్రేలియాలో పాల్ హెమ్స్‌వర్త్ బృందం పాడి ఫారాలు తిరిగి చూస్తే, మనిషిని చూడగానే దూరం జరిగే ఆవులున్నచోట దిగుబడి తక్కువగా కనిపించింది. కాళ్లకు బందం వేసి పిండితే తన్ను ఆగుతుంది గానీ భయం ఆగదు. ఆ భయం వల్ల తగ్గిన పాలను రాబట్టడానికి ఆక్సిటోసిన్ సూది పట్టుకునేవాళ్లూ ఉన్నారు. గుప్పెడు చెనక్కాయ చెక్కతో కుదిరేదానికి సూదిదాకా పోవడం బాధ కలిగించే విషయం.

అసలు పనితనమంతా ఎప్పుడు పెడుతున్నామన్నదానిలో ఉంది. మనిషంటే బెదిరే పెయ్యదూడను తీసుకోండి. ఆవుజాతికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, సరిగ్గా వెనక వైపు ఏమీ కనబడదు. కాబట్టి వెనక నుంచి కాకుండా భుజం పక్కగా, నెమ్మదిగా మాట్లాడుతూ పోవాలి. అది ఒకడుగు వెనక్కు వేయబోతుందనగానే మనం ఆగిపోవాలి. అరచెయ్యి చాచి, వేళ్లు చేర్చి, చెనక్కాయ చెక్క చిన్న ముక్క పెట్టుకుని నిలబడితే మొదటిరోజు మెడ సాచి వాసన చూసి వెళ్లిపోవచ్చు. తొందరపడి మెడ మీద చెయ్యి వేస్తే చేసిందంతా పోతుంది. అది చేతిలో తినడం అలవాటయ్యాక వరస మార్చాలి: ముందు భుజం మీద చెయ్యి, కదలకుండా నిలబడితే వెంటనే ముక్క. తర్వాత వీపు, పొట్ట, పొదుగు, కాలు, చెవి. ఏ చోటైతే రేపు డాక్టరు ముట్టుకోవాలో, పాలు పిండేవాళ్లు తడమాలో ఆ చోటుకు ఇవాళ్టినుంచే చెయ్యి అలవాటు చేయాలి. చూడితో ఉన్న పడ్డకు పొదుగు ముట్టించుకోవడం ఈనకముందే నేర్పితే, ఈనిన మొదటివారం తన్నుల గొడవే చాలామటుకు ఉండదు. ముక్క అందాల్సింది దూడ నిలబడిన ఆ క్షణంలోనే. పది లెక్కపెట్టాక పెట్టామా, అది దేనికి దొరికిందో దానికి తెలియదు.

చాలామంది పొరబడేదీ ఇక్కడే. మామూలు రోజుల్లో ఏమీ పెట్టరు. టీకా వేసేవాళ్లు వీధిలోకి రాగానే బెల్లంముక్క చూపించి దగ్గరికి పిలుస్తారు, మెడలో తాడు వేస్తారు, సూది పొడిపిస్తారు. రెండుసార్లు అలా జరిగితే బెల్లం చూసి ఆవు పారిపోతుంది. దాని లెక్క సరైనదే, బెల్లం వెనక సూది ఉందని నేర్పింది మనమే. తర్వాత మనం అనేదేమిటంటే, ‘తిండి పెట్టి మచ్చిక చేయడం మా ఆవు దగ్గర పనిచేయలేదు’ అని. సూది లేకుండా బెల్లం పెట్టిన రోజులు ఇరవై ఉండి సూది రోజు ఒక్కటైతేనే ఆ బెల్లానికి విలువ. సూది పడ్డాక కూడా ఆవు నిలబడిన చోటే మరో ముక్క అందాలి, చేదు జ్ఞాపకంతోనే అది వెళ్లిపోకూడదు.

తిండి అలవాటైతే మీదికొస్తుంది, కుమ్ముతుంది అనే అభ్యంతరం కొట్టేయదగినది కాదు. గుడి ముందు తిరిగే ఆవుల్ని చూడండి. వచ్చినవాళ్లంతా అరటిపళ్లు పెడతారు, అవి చివరికి చేతిలోని సంచిని లాగుతాయి. అక్కడ నెట్టిన ఆవుకు దొరుకుతోంది, నిలబడినదానికి దొరకడం లేదు. తప్పు పండుది కాదు. నెట్టినప్పుడు చెయ్యి మూసి పక్కకు తిరగడం, తల వెనక్కు తీసుకోగానే పెట్టడం అనే ఒక్క నియమం ఇంట్లో అందరూ పాటిస్తే ఆవు మర్యాద నేర్చుకుంటుంది. ఒకరు పాటించి పిల్లలు పాటించకపోతే నేర్చుకోదు. కోడెదూడల విషయంలో మాత్రం నేనూ జాగ్రత్త చెబుతాను. మంద నుంచి విడదీసి ఒంటరిగా సీసాపాలతో, చేతి తిండితో పెంచిన మగదూడ పెద్దయ్యాక మనిషిని తోటి కోడెలా లెక్కగట్టి మీదికి రావచ్చు. పశువుల ప్రవర్తన మీద జీవితమంతా పనిచేసిన టెంపుల్ గ్రాండిన్ దీని గురించి గట్టిగానే హెచ్చరించారు. మగదూడను తోటి దూడలతోనే పెరగనివ్వాలి, దానితో తలాడించే ఆటలు అసలే వద్దు, తిండి గిన్నెలో పెట్టాలి.

ఖర్చు గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. రెండున్నర లీటర్ల పాలకు కిలో దాణా చొప్పున ఎటూ పెట్టాలి, అందులో గుప్పెడు ముందే తీసిపెట్టుకుంటే అదనంగా పైసా పడదు. ఆరోగ్యం సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మచ్చికకు కావలసింది బొటనవేలంత ముక్క, బుట్టెడు కాదు. కనుమనాడు ప్రేమకొద్దీ పొంగలి, అన్నం, బెల్లం తొట్టినిండా పోస్తే పొట్టలో ఆమ్లం పెరిగి ఆవు మేత మానేస్తుంది, ముదిరితే చనిపోతుంది కూడా. మన వైపు తోతాపురి కాలంలో ఇంకో ప్రమాదముంది. మామిడిటెంక గొంతుకు అడ్డం పడితే పొట్ట ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది. పండు పెట్టాలంటే టెంక తీసి ముక్కలు కోయాలి.

సాధుగుణం జాతిని బట్టి వస్తుంది, నేర్పితే రాదు అనేవాళ్లు పుంగనూరు ఆవును చూపిస్తారు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఆ పొట్టి ఆవులకు మేత పెట్టిన ఫొటోలు దేశమంతా చూసింది. అందరూ జాతిని చూశారు, చేతిలోని మేతను గమనించినవాళ్లు తక్కువ. జాతి కొంత ఇస్తుంది, నిజమే. కానీ ఎంత సాధువైన ఆవునైనా బెదరగొట్టడం మనకు తెలుసు. చంద్రగిరి దగ్గర రంగంపేటలో పశువుల పండగనాడు కొమ్ములకు చెక్కపలకలు కట్టి, డప్పుల మోత మధ్య జనంలోకి ఉరికించే పశువులు ఏడాదంతా ఇళ్లలో మేత తిన్నవే.

గాలికుంటు టీకా 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా, ఏడాదికి రెండుసార్లు వస్తోంది. పల్లెకు తేదీ ముందే తెలుస్తుంది. పశువైద్యశాల వాళ్లు, పాలకేంద్రాల వాళ్లు ఆ తేదీతోపాటు ఒక్క మాట కలిపి చెప్పాలి: మూడువారాల ముందునుంచే రోజుకొకసారి మెడ మీద చెయ్యి వేసి, నిలబడితే చిన్న చెక్కముక్క పెట్టండి అని. ఇంట్లో ఆవులున్నవాళ్లు వాళ్లు చెప్పేదాకా ఆగనక్కర్లేదు, ఈ సాయంత్రం పాలపూటకే మొదలుపెట్టవచ్చు.