ఇంటి కంప్యూటరులో సర్వరు ప్రాసెసరు: ఒక విమర్శ

పాతబడిన సర్వరులనుండి విప్పి తీసిన ప్రాసెసరులను కొని, వానితో ఇంటి కంప్యూటరులను కూర్చుకొను వాడుక కొన్నియేండ్లుగా అనేక దేశములలో వ్యాపించినది. సర్వరు అనగా బ్యాంకులు, రైల్వే రిజర్వేషను కార్యాలయములు మున్నగుచోట్ల వేలమంది అడుగు పనులను రాత్రింబవళ్లు చేసిపెట్టు కంప్యూటరు. దానికొరకు తయారైన ప్రాసెసరులలో ఇట్లు ఇండ్లకు చేరినవానికి మంచి ఉదాహరణము ఇంటెల్ సంస్థవారి జియాన్ ఇ5-2680 వి4. అది 2016లో వెలువడినది. అప్పటి ప్రకటిత ధర 1,745 డాలర్లు. ఇప్పుడు పాతసరకు అంగళ్లలో అందులో అల్పాంశమునకే లభించును. 14 కోరులు, 28 థ్రెడ్లు, 35 మెగాబైట్ల కాషె అని పెద్ద అక్షరములతో ప్రకటనలు కనబడుచుండగా, క్రొత్తగా నాలుగు కోరుల ప్రాసెసరును కొనువాడు తెలివితక్కువవాడేమో అని ఎవరికైనను తోచుట సహజము. తోచినది నిజమో కాదో చూడవలసియున్నది. ఏలయన, ఈ బేరమునకు దిగువారిలో పెక్కురు డబ్బు చాలని విద్యార్థులు.

మొదట సరకును గూర్చి ఒక మాట. ధర తగ్గినదని దానిని చెడిపోయిన సరకుగా భావింపరాదు. పెద్ద సంస్థలు తమ సర్వరులను కొన్నియేండ్లకొకసారి మార్చివేయును. మైక్రోసాఫ్టు సంస్థ తన సర్వరుల ఆయుర్దాయమును లెక్కలలో నాలుగేండ్లనుండి ఆరేండ్లకు పెంచినది 2022లోనే. మార్చుటకు కారణము ప్రాసెసరు అరిగిపోవుట కాదు. అంతే విద్యుత్తుతో ఎక్కువ పని చేయు క్రొత్తవి వచ్చుటయే. అట్లు ఒక్కసారిగా వేలకొలది బయటపడిన ప్రాసెసరులకు ఇతర కార్యాలయములలో గిరాకి లేదు. కనుక ధర పడిపోవును. సిలికాను ముక్క మాత్రము సరియైన చల్లదనములో పనిచేసియున్నచో ఇంకను చాలయేండ్లు పనిచేయగలదు. ఇంతవరకు అమ్మకందారుల మాట నిజమే.

ఇక కోరుల లెక్క. కోరు అనగా స్వతంత్రముగా లెక్క చేయగల భాగము. వరికోతకు పదునలుగురు కూలీలు దిగినచో పని పదునాలుగవవంతు కాలములో ముగియవచ్చును. కాని బండి తోలుటకు పదునలుగురెందుకు? కంప్యూటరు పనులలో ఈ రెండు విధములును కలవు. ఎంత భాగము పంచుకొనదగినదో దానినిబట్టి లాభమునకు ఒక హద్దు ఏర్పడునని జీన్ ఆమ్డాల్ అను అమెరికను ఇంజనీరు 1967లో చూపినాడు. ఆ సూత్రముతో పాఠకులు స్వయముగా లెక్క వేసి చూడవచ్చును.

ఒక కోరుతో 100 నిమిషములు పట్టు పని యున్నదనుకొందము. అందులో 60 నిమిషముల భాగము పంచదగినది, 40 నిమిషములది పంచరానిది. 14 కోరులు కలిసినను ఆ 40 నిమిషములు తప్పవు. తక్కిన 60 మాత్రము 4.3 నిమిషములగును. మొత్తము 44.3 నిమిషములు. ఇప్పుడు 2022లో వెలువడిన కోర్ ఐ3-12100ను తీసికొందము. దీనికి కోరులు నాలుగే. కాని గరిష్ఠ వేగము 4.3 గిగాహెర్ట్జులు. ఇ5-2680 వి4లో ఒక్క కోరు పనిచేయునపుడు 3.3, పదునాలుగును పనిచేయునపుడు 2.9 మాత్రమే. అదిగాక క్రొత్త కోరు ఒక్కొక్క గడియారపు టిక్కులో ఎక్కువ పని చేయును. మోటుగా దానిని 1.7 రెట్ల వేగము గలదిగా లెక్కించినచో, నాలుగు కోరులకు పట్టు 55 నిమిషములు 32 నిమిషములకు దిగును. పదునాలుగు ఓడి, నాలుగు గెలిచినవి!

పనిలో 95 పాళ్లు పంచదగినదైనచో కథ తారుమారగును. అప్పుడు పాత ప్రాసెసరుకు 11.8 నిమిషములు, క్రొత్తదానికి దాదాపు 17. వీడియోలను ఒక రూపమునుండి మరియొక రూపమునకు మార్చుట, బ్లెండరు వంటివానితో త్రిమితీయ చిత్రములను గీయించుట, పెద్ద ప్రోగ్రాములను కంపైలు చేయుట, ఒకే యంత్రములో అయిదారు కల్పిత యంత్రములను నడుపుట, ఇవి ఈ తరగతికి చెందినవి. ఉత్తరము వ్రాయుట, లెక్కల పట్టికలు, చదువుకొనుట, చాల ఆటలు మొదటి తరగతికి చెందును. సామాన్యపు ఇంటిలో జరుగునవి ఎక్కువగా ఈ మొదటి తరగతివే కదా. పెండ్లివారి గుండిగను తెచ్చి ఇద్దరికి కాఫీ కాచినచో గుండిగది తప్పు కాదు.

సర్వరు ప్రాసెసరు నిజమైన గొప్పతనము ప్రకటనలలో చిన్న అక్షరములలో నుండును, లేదా అసలే యుండదు. అది మెమరీలోని తప్పులను దిద్దుకొను శక్తి. 64 బిట్ల సమాచారమునకు 8 కావలి బిట్లను చేర్చి, ఒక బిట్టు తారుమారైనచో సరిదిద్ది, రెండు మారినచో హెచ్చరించు ఏర్పాటిది. దీనికి మూలము బెల్ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ హామింగు 1950లో ప్రకటించిన వ్యాసము. సెలవుదినములలో యంత్రముపై వదలివెళ్లిన తన లెక్కలు తప్పు దొరకగానే ఆగిపోవుచుండుట చూచి విసిగి, తప్పు కనిపెట్టగల యంత్రము దానిని దిద్దుకొనలేదా అని ఆయన ప్రశ్నించుకొన్నాడట. ఆ విసుగునుండి పుట్టినదే ఈ విద్య. ఇది కేవలము పుస్తకములలోని భయము కాదు. గూగుల్ సంస్థ సర్వరులను పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనములో, ఒక సంవత్సరకాలమున నూటికి ఎనిమిదికి పైగా మెమరీ పలకలలో తప్పులు కనబడినవి. ఇండ్లలోని ఛాయాచిత్రములు, లెక్కలు, విద్యార్థుల సిద్ధాంతవ్యాసములు ఈ రక్షణకు అర్హములు కావా? ఇంటెల్ సంస్థ చాలకాలము దీనిని తన ఐ5, ఐ7 తరగతులకు ఇవ్వక సర్వరులకే దాచియుంచినది. ఈ విషయమున విమర్శింపవలసినది పాత జియాను కొనువానిని కాదు.

ఇంతకుముందు ఇట్టి ప్రయత్నములు మరింత న్యాయముగా సాగినవి. 2014లో వచ్చిన జియాన్ ఇ3-1231 వి3 సాధారణ గృహ మదరుబోర్డులోనే కూర్చుండెడిది. దానికి నాలుగు కోరులు, ఎనిమిది థ్రెడ్లు. చిత్రములను తెరపై చూపు భాగమొక్కటి తీసివేసినచో ఐ7 ప్రాసెసరుకు దాదాపు సమానము. అంతకుముందటి జియాన్ ఇ5450ను గృహ బోర్డులకు ఒదిగించుటకై కొందరు రెండు కాంటాక్టులను తారుమారు చేయు చిన్న అంటుపట్టీని అతికించి, సాకెట్టు అంచున కొంచెము చెక్కెడివారు. అందులో ఒక వేడుకయు నుండెను. రెండు సందర్భములలోను బోర్డు పేరుగల తయారీదారునిది. దానికి పూచీ యుండెను. 2015లో తరువాతి తరము ఇ3 ప్రాసెసరులు వచ్చునప్పటికి, ప్రత్యేకమైన చిప్‌సెట్టు గల బోర్డుపైననే అవి నడచునట్లు ఇంటెల్ తలుపు మూసివేసినది.

ఇ5 ప్రాసెసరుల విషయములో చిక్కంతయు బోర్డువద్దనే యున్నది. వానికి తగిన అసలు బోర్డుల తయారీ ఆగి చాలకాలమైనది. కనుక చీనాలో కొందరు క్రొత్త పలకపై పాత బోర్డులనుండి ఊడదీసిన చిప్‌సెట్టులను అతికి అమ్ముచున్నారు. పేరు ఎక్స్99; లోపల మాత్రము పలుసార్లు అంతకన్న తక్కువ తరగతి బోర్డుల చిప్‌సెట్టు. ప్రాసెసరుకు మెమరీని నాలుగు మార్గములలో అందుకొను శక్తి యుండగా, చౌక బోర్డులు కొన్ని రెండే మార్గములిచ్చి సరిపెట్టును. కొన్నిటిని నిద్రపుచ్చినచో తిరిగి లేవవు. ప్రాసెసరు పదేండ్లు బ్రతుకునని మనకు ధైర్యము చెప్పినవారు బోర్డును గూర్చి ఆ మాట చెప్పరు.

వీనికి ముందుతరమువైన వి3 ప్రాసెసరులను గూర్చి మరొక హెచ్చరిక అవసరము. వానిలోని అన్ని కోరులను గరిష్ఠ వేగమున పరుగెత్తించు ఒక చిట్కా ప్రచారములో నున్నది. ఆ చిట్కా బోర్డు బయాసులోనుండి మైక్రోకోడును తొలగించుటపై ఆధారపడినది. మైక్రోకోడు అనగా ప్రాసెసరులోని లోపములను తరువాత సరిచేయుటకు తయారీదారు పంపు చిన్న ఆజ్ఞల సముదాయము. 2018 జనవరిలో బయటపడిన స్పెక్టర్ మొదలగు భద్రతాలోపములకు మందులలో కొంతభాగము దానిలోనే వచ్చినది. కొంచెము వేగమునకై గడియ తీసివేసి, ఆ యంత్రముపైననే బ్యాంకు వ్యవహారములు నడుపుట నాకు వివేకముగా తోచదు.

ఖర్చులో చెప్పనివి కొన్ని కలవు. ఇ5 ప్రాసెసరులకు తెరపై బొమ్మ చూపు శక్తి లేదు. వేరుగా గ్రాఫిక్సు కార్డు కొనవలెను. 120 వాట్ల వేడిని తరలించుటకు తగిన ఫంకాయు, నమ్మదగిన విద్యుత్ సరఫరా పెట్టెయు కావలెను. యంత్రము మొత్తముమీద క్రొత్తదానికన్న 50 వాట్లు ఎక్కువ వాడినదనుకొనుడు. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 146 యూనిట్లు. మన రెండు రాష్ట్రములలోను గృహ విద్యుత్తుకు శ్లాబుల పద్ధతి యున్నది కనుక, ఈ అదనపు యూనిట్లు ఇంటివాడు చెల్లించు పైశ్లాబు రేటుననే పడును. ఇక విండోస్ 10కు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు ఆమోదించిన ప్రాసెసరుల పట్టికలో ఇ5-2680 వి4 లేదు. లినక్సు వాడువారికి ఈ బెడద లేదు.

కావున ఈ ప్రాసెసరును ఎవరు కొనవచ్చును? కల్పిత యంత్రములతో నెట్‌వర్కు విద్య నేర్చుకొనువాడు, రాత్రంతయు చిత్రములను గీయించువాడు, ఎక్కువ మెమరీ తక్కువ ధరకు కావలసినవాడు నిస్సంకోచముగా కొనవచ్చును. సర్వరులనుండి వచ్చిన రిజిస్టర్డు మెమరీ సాధారణ గృహ బోర్డులలో పనిచేయదు, ఇ5తో పనిచేయును. అది పెద్ద సదుపాయము. పిల్లల చదువునకు, ఇంటి లెక్కలకు కంప్యూటరు కావలసినవారు మాత్రము, అదే డబ్బుతో ఏదైన కార్యాలయమువారు వదలిన ఇటీవలి సాధారణ కంప్యూటరును పూర్తిగా కొనుట మేలు. అందులో బోర్డు, పెట్టె, ప్రాసెసరు ఒకదానికొకటి కుదిరినవై యుండును.

ఏదియేమైనను ఇ5నే కొనదలచినవారు, సరకు చేతికి రాగానే బోర్డుపైని చిప్‌సెట్టు పేరును ప్రకటనలోని పేరుతో సరిచూచుకొనవలెను. తరువాత మెమ్‌టెస్ట్86ను ఒక రాత్రియంతయు నడుపవలెను. తెల్లవారునప్పటికి ఒక్క తప్పు కనబడినను, తిరిగి పంపుటకు గడువుండగానే ఆ మెమరీ పలకను వెనుకకు పంపివేయవలెను.