వ్యాఖ్యలోని తప్పులు – దిద్దుబాటు విలువ

అచ్చు పుస్తకములలో దొరలు తప్పులను మనవారు ముద్రారాక్షసములని వేడుకగా పిలుతురు. పుస్తకము చివర తప్పొప్పుల పట్టికను చేర్చుట మన ప్రచురణకర్తలకు చిరకాలముగా ఉన్న అలవాటు. కంప్యూటరు ప్రోగ్రాములు కూడ మనుష్యులు వ్రాసినవే కావున ఈ రాక్షసములు వాటిలోను ప్రవేశించినవి. మూలమును అందరికిని తెరచియుంచిన ప్రోగ్రాములలో, అనగా ఓపెన్ సోర్సు ప్రోగ్రాములలో, ఇట్టి తప్పు కనబడినపుడు ఎవరైనను సవరణ వ్రాసి పంపవచ్చును. ప్రోగ్రాములు నేర్చు విద్యార్థులలో పలువురు తమ మొదటి సేవగా ఈ పనినే ఎన్నుకొనుచున్నారు.

ఈ పనిని గూర్చి రెండు అభిప్రాయములు వినబడుచున్నవి. యంత్రము చదువని మాటలలో ఒక అక్షరము దిద్దినంత మాత్రమున ఒరిగినదేమియు లేదని కొందరందురు. ఎంత చిన్నదైనను సవరణ సవరణయే, అది ఎల్లప్పుడును మేలే చేయునని మరికొందరందురు. ఈ రెండును సరియైనవి కావు. దిద్దువాడు దిద్దుటకు ముందు మూలమును చదివెనా లేదా అను దానిపైననే దిద్దుబాటు విలువ ఆధారపడి యున్నది. కొన్ని ప్రసిద్ధ ఉదాహరణములతో దీనిని పరిశీలింతము.

యంత్రము చదువని వాక్యములు

ప్రోగ్రాములో రెండు తరహాల వాక్యములుండును. మొదటివి యంత్రమునకిచ్చు ఆజ్ఞలు. రెండవవి ఆ ఆజ్ఞలను చదువబోవు మనుష్యునకు వ్రాసినవి, వీటినే వ్యాఖ్యలందురు. సి భాషలో వాలుగీత, నక్షత్రము గుర్తులతో మొదలిడి, నక్షత్రము, వాలుగీత గుర్తులతో ముగించిన భాగమంతయు వ్యాఖ్య. ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు కంపైలరు ఈ భాగమును పూర్తిగా విడిచిపెట్టును. వీటికి తోడు, ప్రోగ్రామును వాడు విధమును తెలుపు వివరణ పత్రములు వేరుగా ఉండును.

ఆజ్ఞలో ఒక అక్షరము తప్పినచో తరచుగా కంపైలరే అభ్యంతరము తెలుపును. వ్యాఖ్యలో తప్పినచో అడుగువాడుండడు. వర్ణక్రమము మాత్రమే కాదు, చెప్పిన సంగతియే అబద్ధమైనను యంత్రము యథాప్రకారము నడచును. ఆ తప్పు చదువరి కంటికి మాత్రమే దొరకును.

సంస్కృత కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు ప్రాంతమువాడు. మూలములో లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని చెప్పననియు ఆయన నియమము పెట్టుకొనెను. ప్రోగ్రాములకు వ్యాఖ్య వ్రాయువారికిని ఇది మంచి నియమమే. అయితే ఒక భేదము కలదు. కావ్యము మారదు, ప్రోగ్రాము మారుచుండును. నేడు ఆజ్ఞను మార్చినవాడు దాని ప్రక్కనున్న వ్యాఖ్యను మార్చుట మరచినచో, నిన్నటివరకు నిజమైన వ్యాఖ్య నేటినుండి అబద్ధమగును.

చిన్న తప్పు పెద్దదగు చోటు

అక్షరదోషములను దిద్దుట వ్యర్థమనువారి వాదమును మొదట చూతము. లినక్సు అను ప్రోగ్రాము మూలము మూడు కోట్ల పంక్తులకు మించినది. దీనిని మొదటినుండి చివరివరకు ఎవరును చదువజాలరు. పనిచేయువారు గ్రెప్ వంటి వెదకు పరికరమునకు ఒక మాటనిచ్చి, ఆ మాట ఉన్న పంక్తులను మాత్రము తెప్పించుకొందురు. ఆ పరికరము ఇచ్చిన అక్షరములనే వెదకును, అర్థమును ఊహింపదు. 'రిసీవ్' అను ఆంగ్లపదములో ఇ, ఐ అను రెండక్షరములు తారుమారైనచో ఆ పంక్తి వెదకువానికి దొరకదు. గ్రంథాలయపు జాబితాలో పేరు తప్పుగా ఎక్కిన పుస్తకమువలె అది ఉండియు లేనిదే యగును.

లినక్సు సవరణల నియమావళి ఈ సంగతిని గుర్తించినది. స్వల్ప సవరణలుగా అంగీకరింపదగినవాటిలో వివరణ పత్రములలోని వర్ణక్రమ దోషములతోపాటు, గ్రెప్ వెదకులాటకు అడ్డువచ్చు దోషములను అది ప్రత్యేకముగా పేర్కొనెను. కావున అక్షరము దిద్దుట అలంకారము కొరకు చేయు పని మాత్రమే కాదు. దాని ప్రయోజనమును నియమముగా వ్రాసి పెట్టినవారు అనుభవజ్ఞులు.

దిద్దరాని తప్పులు

అట్లని కనబడిన ప్రతి తప్పును దిద్దరాదు. మనము ఒక వెబ్ పుటనుండి మరియొక పుటకు పోవునపుడు, ఎక్కడనుండి వచ్చితిమో తెలుపు ఒక శీర్షికను బ్రౌజరు పంపును. దాని పేరు 'రిఫరర్'. ఈ ఆంగ్లపదపు నడుమ ఆర్ అక్షరము వరుసగా రెండుమారులు రావలెను. 1996 మే నెలలో వెలువడిన హెచ్‌టిటిపి 1.0 వివరణ పత్రములో అది ఒకే మారు ఉన్నది. అప్పటికే ప్రోగ్రాములు ఆ తప్పు రూపముతోనే మాటలాడుకొనుచుండెను. 2022లో వెలువడిన హెచ్‌టిటిపి ప్రమాణ పత్రము కూడ ఈ పేరులో వర్ణక్రమము తప్పినదని ఒప్పుకొనుచునే ఆ పేరునే నిలిపినది. తరువాతి కాలమున ఏర్పడిన 'రిఫరర్ పాలసీ' అను శీర్షికలో మాత్రము పదము సరిగా వ్రాయబడినది. నేడు ఒకే బ్రౌజరు రెండు రూపములను వాడవలసి వచ్చినది.

యూనిక్సు వ్యవస్థలో క్రొత్త ఫైలును సృష్టించు ఆజ్ఞ కూడ ఇట్టిదే. 'క్రియేట్' అను పదమునకు చివర నుండవలసిన ఇ అక్షరము అందు లేదు. యూనిక్సును మరల వ్రాసినచో ఏమి మార్తురని అడిగినపుడు, ఆ ఇ అక్షరమును చేర్తునని దాని కర్తలలో ఒకరైన కెన్ థామ్సన్ చెప్పినట్లు ప్రసిద్ధి. ఐనను ఆ ఆజ్ఞ లినక్సులో నేటికిని అట్లే ఉన్నది.

కారణము స్పష్టము. వ్యాఖ్యలోని మాట చదువరికి చెప్పినది. దానిని దిద్దినచో ఎవరికిని నష్టము లేదు. ఆజ్ఞ పేరు అట్లు కాదు. అది ఎందరో నమ్ముకొనియున్న ఒడంబడిక. ఒకచోట దిద్దినచో దానిని పాతపేరుతో పిలుచు ప్రోగ్రాములన్నియు ఆగిపోవును. వర్ణక్రమము మాత్రమే తెలిసినవానికి ఈ రెంటి భేదము కనబడదు. మూలము చదివినవానికే కనబడును.

అక్షరములు సరియే, అర్థము చాలదు

వర్ణక్రమముకంటె వాక్యార్థము ముఖ్యము. 1975 నాటి యూనిక్సు ఆరవ కూర్పులో ఒక క్లిష్టమైన భాగమునకు, దీనిని చదువరి గ్రహించునని తాము ఆశించుట లేదని ఒక వ్యాఖ్య కలదు. అది చాల ప్రసిద్ధికెక్కినది. అందు అక్షరదోషము లేదు. కాని చదువరికి దానివలన కలిగిన ఉపకారమును లేదు. ఇది పరీక్షలో రాదులే అను ధోరణిలో ఆ మాట వ్రాసితిమే కాని తిరస్కారముతో కాదనియు, నిజమునకు అక్కడ జరుగుచున్నది తమకును పూర్తిగా బోధపడలేదనియు డెన్నిస్ రిట్చీ తరువాత వివరించెను. ఆ భాగములో నిజముగనే లోపముండెను. వ్యాఖ్య చిక్కుగా ఉన్నచోట మూలమును గూడ అనుమానింపవలెనని దీనివలన తెలియుచున్నది.

ఇంతకంటె గట్టి ఉదాహరణము ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ఉదంతము. రహస్య సందేశములకు తాళపుచెవులవంటి సంఖ్యలను తయారుచేయు ప్రోగ్రామిది. ఆ సంఖ్యలు ఎవరును ఊహింపజాలనివిగా ఉండవలెను. అందుకై అనేక చోట్లనుండి తెచ్చిన యాదృచ్ఛిక సమాచారమును ఆ ప్రోగ్రాము ఒకచోట కలియబెట్టును. మూలములో ఒకే రూపముగల పంక్తి రెండుచోట్ల ఉండెను. ఒకచోట అది అంత ముఖ్యము కాదు. అక్కడ, ప్యూరిఫై అను పరీక్షా పరికరము ఈ పంక్తిపై అభ్యంతరము చెప్పునని చిన్న వ్యాఖ్య ఉండెను. రెండవచోట ఆ పంక్తియే ప్రాణము. యాదృచ్ఛిక సమాచారము లోపలికి వచ్చు ద్వారమదియే. అక్కడ ఏ వ్యాఖ్యయు లేదు.

వాల్‌గ్రిండ్ అను మరియొక పరికరము ఈ పంక్తులను తప్పుపట్టినది. 2006లో డెబియన్ వ్యవస్థకై ఈ ప్రోగ్రామును సిద్ధపరచు నిర్వాహకుడు మూలకర్తలను విచారించిన పిమ్మటనే రెండు పంక్తులను నిలిపివేసెను. పరికరము ఊరకున్నది. కాని ఆనాటినుండి తయారైన తాళపుచెవులకు ఆధారము, నడుచుచున్న ప్రోగ్రామునకు వ్యవస్థ ఇచ్చు వరుససంఖ్య ఒక్కటియే. ఆ సంఖ్య సాధారణముగా 32,768కి మించదు. ఎవరును ఊహింపరానివిగా ఉండవలసిన తాళపుచెవులు, ఒక్కొక్క తరహా యంత్రమునకు, ఒక్కొక్క పరిమాణమునకు, ముందుగనే జాబితా వ్రాసికొనదగినన్ని మాత్రమే మిగిలినవి. ఈ లోపము 2008 మే 13న ప్రకటింపబడువరకు సుమారు 20 నెలలు డెబియన్‌లోను, దానిపై ఆధారపడిన ఉబుంటు వంటి వ్యవస్థలలోను నిలిచియుండెను. ఆ కాలమున చేసిన తాళపుచెవులన్నిటిని పారవేసి క్రొత్తవి చేసికొనవలసి వచ్చినది.

ఇందు నేరమంతయు వ్యాఖ్యదే అనలేము. ఆ నిర్వాహకునిది నిర్లక్ష్యమనియు అనలేము. ఆయన అడిగియే చేసెను. ఐనను రెండవచోట, ఈ పంక్తిని తీసినచో తాళపుచెవులు బలహీనమగునని ఒక్క వాక్యము ఉన్నచో అది ఎవరి చేతినైనను ఆపియుండును. ఉన్న ఒక్క వ్యాఖ్యయు పరికరము ఫిర్యాదును తెలిపినదే కాని, పంక్తి ఎందుకున్నదో తెలుపలేదు. అందులో దిద్దవలసిన అక్షరమొక్కటియు లేదు. చేర్పవలసిన అర్థము మాత్రము చాల ఉన్నది.

పరికరములు దిద్దినచో చాలదా?

లినక్సు మూలముతోపాటు తప్పురూపము, ఒప్పురూపము ప్రక్కప్రక్కన గల ఒక పట్టిక కూడ లభించును. ఇది మన తప్పొప్పుల పట్టిక వంటిదే. డెబియన్ వారి పట్టికనుండి మొదట దీనిని తీసికొని, తప్పుగా తోచినను నిజమునకు తప్పులు కానివాటిని తొలగించిరి. కోడ్‌స్పెల్ అను పరికరము కూడ ఇట్టి నిఘంటువుతో పనిచేయును. ఒక తప్పురూపమునకు రెండుమూడు ఒప్పురూపములు ఉండదగినచోట, లేక ఆ తప్పురూపమే ప్రోగ్రాములో పేరుగా వాడబడు అవకాశమున్నచోట, అది తనంతట తాను దిద్దక మనుష్యుని నిర్ణయమునకు విడిచిపెట్టును. 'క్లాస్' అను పదమున చివరి ఎస్ ఒకటి లోపించినపుడు అట్లే చేయును. ఆ పదము సి ప్లస్ ప్లస్ భాషలో ప్రత్యేకార్థము గలది. అందువలన ప్రోగ్రాములు వ్రాయువారు దానిని పేరుగా వాడలేక, కావలెననియే ఒక అక్షరము తగ్గించి వాడుదురు. పరికరమును నిర్మించినవారికి దాని హద్దు తెలియును. దానిని వాడువారికిని తెలియవలెను.

లెక్క కొరకు దిద్దుట

ఇక రెండవ అభిప్రాయము, అనగా ఏ సవరణయైనను మేలే అనునది. డిజిటల్ ఓషన్ అను సంస్థ 2014 నుండి ప్రతి అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అను ఉత్సవము జరుపుచున్నది. 2020లో నాలుగు సవరణలు పంపిన మొదటి 70,000 మందికి ఒక చొక్కా, లేదా వారి పేర ఒక మొక్క నాటుట బహుమానముగా ప్రకటింపబడెను. నెల మొదలైన వెంటనే సంబంధములేని ప్రోగ్రాములకు సవరణలు వెల్లువెత్తినవి. వివరణ పత్రములో ఒక విశేషణమును చేర్చుట, ఒక ఖాళీని తొలగించుట, సరియైన వాక్యమును మార్చి వ్రాయుట వంటివే అందు పెక్కు. అట్లు చేయుటను ఒక వీడియో పాఠము నేర్పినది. నేర్చుకొన్నవారు పాఠమును తు.చ. తప్పక అప్పగించిరి. మూలము నిర్వహించువారిలో పలువురు జీతము లేక తీరికవేళ పనిచేయువారు. వారు ప్రతి సవరణను తెరచి, చదివి, త్రోసిపుచ్చవలసి వచ్చెను. అక్టోబరు 3 నాటికే, సమ్మతించిన ప్రోగ్రాములకు పంపిన సవరణలను మాత్రమే లెక్కింతుమని నిర్వాహకులు నియమము మార్చిరి.

బహుమానమే చెడ్డదని దీనివలన తేల్పరాదు. డొనాల్డ్ నూత్ తన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' గ్రంథములో తప్పును మొదట కనిపెట్టినవారికి 2 డాలర్ల 56 సెంట్లు ఇచ్చు ఆచారము పెట్టెను. 256 అనునది పదహారు ఆధారముగా గల సంఖ్యామానమున నూరు. సాంకేతిక దోషముతోపాటు అచ్చుతప్పునకును ఈ బహుమానము కలదు. ఈ చెక్కులను పలువురు సొమ్ము చేసికొనక పటము కట్టించుకొనిరి. రెండు బహుమానములకు గల భేదము సొమ్ములో లేదు. ఒకటి సవరణల సంఖ్యను చూచెను. రెండవది తప్పు నిజమా కాదా అని చూచెను. ఒకరు లెక్క పూర్తిచేయుటకు వచ్చిరి. మరియొకరు గ్రంథము చదువుచు వచ్చిరి.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఓపెన్ సోర్సు సేవను పాఠశాలలలో ప్రోత్సహింపదగును. కాని ఎన్ని సవరణలు పంపితివి అని విద్యార్థిని అడుగరాదు. ఏమి చదివితివి అని అడుగవలెను. వ్యాఖ్యను దిద్దబోవు విద్యార్థి దాని క్రిందనున్న ఆజ్ఞలను చదివి, వ్యాఖ్య చెప్పినదే అవి చేయుచున్నవా అని చూడవలెను. తప్పుగా తోచినది పేరా, మాటా అని విచారింపవలెను. ఆ ప్రోగ్రాము సవరణలను ఏ రీతిగా కోరుచున్నదో దాని నియమములు చూడవలెను. ఒకే ఫైలులో పది దోషములున్నచో పది సవరణలుగా గాక ఒక్కటిగా పంపవలెను. సవరణ ఎందుకు చేసెనో రెండు వాక్యములలో చెప్పగలుగవలెను. చెప్పలేనిచో ఇంకను చదువవలసినది కలదన్నమాట.

ఆంగ్లము మాతృభాష కాకపోవుట ఈ పనిలో మన విద్యార్థులకు లోపమని అనుకొనరాదు. ఆంగ్లము బాగుగా వచ్చినవాడు చిక్కువాక్యమును తన ఊహతో పూరించుకొని ముందుకు సాగును. మన విద్యార్థి అక్కడ ఆగును. ఆగినచోట వాక్యమే చిక్కుగా ఉండవచ్చును. రెండవమారు, మూడవమారు మూలముతో పోల్చి చదివి, తనకు బోధపడిన అర్థమును తేట వాక్యములో వ్రాసి పంపినచో, తరువాత వచ్చు చదువరికి ఆ చోట ఆగవలసిన పని ఉండదు. అట్టి సవరణ ఏడాదికి ఒక్కటి పంపినను చాలును.