ముందు రోజు ఖాయం చేయండి, తర్వాతే పాచికలు

పేకాటకు ఒకరు రాకపోతే పక్కింటాయన్ని పిలిచి కూర్చోబెట్టొచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో అది కుదరదు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఈ కథల ఆటలో ప్రతి ఒక్కరికీ తాము సృష్టించుకున్న పాత్ర ఒకటి ఉంటుంది: యోధుడో, మంత్రగత్తో, దొంగో. కథ నడిపే మనిషిని డంజన్ మాస్టర్ అంటారు. సందర్భం ఆయన చెబుతాడు, తమ పాత్ర ఏం చేస్తుందో ఆటగాళ్లు చెబుతారు, ఆ పని ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఒక్కో కథ నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి సాగుతుంది. అంతకాలం నిలిచే బృందాలు తక్కువ. చాలా కథలు రాక్షసుడి దాకా వెళ్లనే వెళ్లవు. "ఈ ఆదివారం నాకు కుదరదురా" అన్న మెసేజి దగ్గరే ఆగిపోతాయి.

ఈ చిక్కు ఆటతోపాటే పుట్టింది. అమెరికాలోని మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ 1971 ప్రాంతంలో మిత్రులతో బ్లాక్‌మూర్ అనే ఊహాలోకపు ఆట మొదలుపెట్టాడు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగాక్స్ దానిపై మోజు పడ్డాడు. ఇద్దరి పేర్లతో 1974లో నిబంధనలు మూడు చిన్న పుస్తకాలుగా, ఒక పెట్టెలో వెలువడ్డాయి. ఒక కథాలోకంలో నలుగురి నుంచి యాభై మంది దాకా ఆడవచ్చని వాటిలో ఉంది. యాభై మందీ ఒకే పూట కూర్చునేవారని దీనర్థం కాదు. వచ్చినవాళ్లతో ఆ పూట ఆట, రానివాళ్లకు మరో పూట. అందుకే 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో కథలోని తేదీల లెక్క తప్పకుండా రాసుకోవాలని గైగాక్స్ పట్టుబట్టాడు. ఏ పాత్ర ఏ రోజుకు ఎక్కడుందో తెలియకపోతే రెండు జట్లను ఒకే లోకంలో నడపడం కష్టం. అంటే మనుషులు వస్తూ పోతూ ఉంటారన్నది ఆ తొలి రూపానికి తెలిసిన సంగతే. నలుగురైదుగురు మాత్రమే ఒకే పొడవాటి కథ ఆడే పద్ధతి బలపడ్డాక, ఒక్కరు మానేసినా ఆట కుంటుపడసాగింది.

దీనికి ఆటగాళ్లు కనిపెట్టిన ఉపాయాల్లో మొదటిది రోజు ఖాయం చేసుకోవడం. ప్రతిసారీ "ఎప్పుడు వీలవుతుంది?" అని వాట్సాప్‌లో అడుగుతూ పోతే ఆరుగురికీ కుదిరే రోజు దొరకదు. రెండు వారాలకోసారి శనివారం సాయంత్రం అని ఒకసారి అనుకుంటే ఇంట్లోవాళ్లకూ అలవాటవుతుంది. రెండోది కోరం. ఐదుగురిలో ముగ్గురొస్తే ఆట జరిగి తీరాలి. వరసగా రెండుసార్లు వాయిదా పడిందంటే మూడోసారికి ఉత్సాహం చచ్చిపోతుంది.

మరి రానివాడి పాత్రను ఏం చేయాలి? కొందరు దాన్ని మరో ఆటగాడికి అప్పగిస్తారు, కొందరు ఊళ్లోనే ఆగిపోయిందంటారు. ఏదైనా ముందే అనుకోవాలి. నేర్పున్న డంజన్ మాస్టర్ ఆ పూట ఆటను యుద్ధం మధ్యలో ఆపడు, జట్టును సత్రానికి చేర్చాకే ముగిస్తాడు. అప్పుడు వచ్చేసారి ఎవరు వచ్చినా, ఎవరు రాకపోయినా కథ అతుకుతుంది.

ఈ ఉపాయాన్నే బెన్ రాబిన్స్ అనే ఆటల రూపకర్త చివరిదాకా తీసుకెళ్లాడు. వెస్ట్ మార్చెస్ పేరుతో ఆయన నడిపిన ఆటలో పదిమందికి పైగా ఆటగాళ్లుండేవారు కానీ, నిర్ణీత రోజూ లేదు, నిర్ణీత జట్టూ లేదు. ఎవరికి తీరిక ఉందో వాళ్లే కూడి, ఎటు వెళ్లాలో అనుకుని ఆయన్ని పిలిచేవారు. ఆ పూట ముగిసేసరికి అందరూ ఊరికి తిరిగిరావాలి. రోజు కుదరని బృందాలకు ఇప్పటికీ ఇదే మంచి దారి.

కలహాలు రాకుండా చూసుకునే పద్ధతి "సెషన్ జీరో". పాచిక వేయకముందే ఒక పూట కూర్చుని ఎలాంటి కథ కావాలి, హింస ఎంతవరకు, ఫోన్లు పక్కన పెట్టాలా అని మాట్లాడుకుంటారు. 2020లో వచ్చిన అధికారిక పుస్తకం టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్‌లో దీనికి ప్రత్యేకంగా చోటిచ్చారు.

అన్నిటికంటే బరువు డంజన్ మాస్టర్‌దే. మిగతావాళ్లు ఆడటానికి వస్తారు, ఆయన మాత్రం అంతకుముందే గంటలకొద్దీ కథ అల్లుకోవాలి. ఆయన అలసిపోతే బృందమే ఆగిపోతుంది. కాబట్టి గుర్తు చేయడం ఒకరు, పోయినసారి కథ రాసి చదివి వినిపించడం ఒకరు, తినుబండారాలు ఒకరు పంచుకోవాలి. కథను ఏడెనిమిది పూటల్లో ముగించి, తర్వాతి కథ పగ్గాలు మరొకరు అందుకుంటే ఇంకా మంచిది.

కెనడాలో చరిత్ర ఆచార్యుడు రాబర్ట్ వార్డ్‌హా 1982లో మొదలుపెట్టిన ఆట నలభై ఏళ్లు దాటి సాగింది. ఆటగాళ్లు మారారు, లోకం మారలేదు. ఇలాంటి బృందాల విలువ ఇక్కడే తెలుస్తుంది. నడివయసు స్నేహాలు చాలావరకు పాత పెట్టుబడి మీదే బతుకుతాయి. పెళ్లిళ్లలో కలిసినప్పుడు అవే హాస్టల్ కబుర్లు, అవే నవ్వులు. కలిసి ఆడేవాళ్లకు మాత్రం పోయిన నెలలోనే చెప్పుకోవడానికి కొత్త సంగతి ఒకటి జరిగి ఉంటుంది.

దూరం పెద్ద అడ్డు కాదు. 2012 నుంచి ఉన్న రోల్20 వంటి సైట్లలో పాచికలూ పటాలూ తెరమీదే దొరుకుతాయి. డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర అయితే వేసవిలో హైదరాబాద్‌లో ఆదివారం ఉదయం ఏడు, చలికాలంలో ఎనిమిది. గడియారం మారినప్పుడు ఏ ఊరి టైముకు కట్టుబడాలో ముందే తేల్చుకుంటే చాలు. మూల నిబంధనలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా విడుదల చేశారు కనుక ఖర్చు సాకూ లేదు. పాత మిత్రులు నలుగురికి ఫోన్ చేసి ముందు రోజు ఖాయం చేయండి. ముగ్గురే వచ్చినా ఆట మొదలుపెట్టండి.