రూపలిపి నుంచి వర్ణలిపికి: పాత డీటీపీ పాఠాల వలస – పాఠపరిష్కరణ దృష్టితో విమర్శ

వ్యాససంగ్రహం:
తెలుగు పుస్తకాలు, సిద్ధాంతగ్రంథాలు చాలాకాలం పాటు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లలో, యూనికోడేతర ఫాంట్లలో కూర్పు పొందాయి. ఆ పాఠాలు ఇప్పుడు బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ పరికరాల ద్వారా యూనికోడ్‌లోకి మారుతున్నాయి. ఈ మార్పిడిని కేవలం సాంకేతిక సౌకర్యంగా చూడటం సరికాదనీ, అది తాళపత్ర ప్రతిని ఎత్తిరాయడం వంటి పాఠ్యవ్యాపారమనీ ఈ వ్యాసం వాదిస్తుంది. ఉదాహరణలు ప్రధానంగా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలకు సంబంధించినవి.

కీలక పదాలు: యూనికోడ్, డీటీపీ, జావాస్క్రిప్ట్, పాఠపరిష్కరణ, అరసున్న, ద్విపద

1. ఉపోద్ఘాతం

పాలకురికి సోమనాథుని పాలకుర్తి, పోతన పేరుతో ప్రసిద్ధమైన బమ్మెర నేటి జనగామ జిల్లాలో ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన తొలితరం యూనికోడ్ తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు ‘పోతన 2000’. పోతన పేరు యూనికోడ్‌లోకి ఇంత ముందుగా చేరినా, పోతన మీద, సోమనాథుని మీద వచ్చిన పరిశోధన మాత్రం అంత త్వరగా చేరలేదు. సిద్ధాంతగ్రంథాలు, స్థానిక చరిత్రలు, సన్మాన సంచికలు, కవితాసంపుటాలు పేజ్‌మేకర్‌లో ‘అను’ ఫాంట్లతోనో, పుణేకు చెందిన మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి ‘శ్రీలిపి’తోనో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి సంచిక 7.0 వెలువడింది 2001లో. అది యూనికోడ్‌ను గుర్తించదు. అయినా చిన్న పట్టణాల కూర్పు కేంద్రాలు దాన్ని వదలకపోవడానికి కారణం అజ్ఞానం కాదు. ఆపరేటరు చేతికి అలవాటైన కీబోర్డు, ముద్రణాలయం అడిగే ఫైలు, పాత పుస్తకాన్ని మళ్లీ తెరవవలసిన అవసరం – ఈ మూడూ ఒకే సాఫ్ట్‌వేర్‌కు ముడిపడి ఉన్నాయి.

విశ్వవిద్యాలయ అనుదాన సంఘం 2009 నిబంధనలతో సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి సమర్పణ తప్పనిసరి అయింది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే ‘శోధగంగ’ ఆ గ్రంథాలకు భాండాగారమైంది. కాని అను ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లో కంటికి కనిపించేది తెలుగు, యంత్రానికి అందేది రోమన్ అక్షరాల, విరామచిహ్నాల కలగాపులగం. అటువంటి ఫైలులో ‘సోమనాథుడు’ అని వెతికితే ఏమీ దొరకదు. గ్రంథచౌర్య పరీక్ష కూడా అందులోని పాఠాన్ని చదవలేదు. పరిశోధన అందుబాటులో ఉండి కూడా చదువరికి అందకుండా పోయే ఈ స్థితే మార్పిడి పరికరాలకు గిరాకీ తెచ్చింది.

2. యంత్రం చదివే తీరు

యూనికోడ్ తొలి సంచిక (1991) నుంచే తెలుగుకు 128 స్థానాల గడి ఉంది. అందులో ప్రతి స్థానం ఒక వర్ణానికో, గుణింతపు గుర్తుకో చెందుతుంది. పాత ఫాంట్ల తీరు వేరు. 256 స్థానాల్లో అవి దాచింది వర్ణాలను కాదు, రూపాలను: తలకట్టు, ఒత్తు, కొమ్ము, అక్షరపు ముక్క. శ్రీలిపి పట్టిక వేరు, అను పట్టిక వేరు. కాబట్టి మార్పిడి అంటే ఒక సంకేతానికి బదులు మరొక సంకేతం పెట్టడం కాదు. చెల్లాచెదురు రూపాలను చూసి, ఇక్కడ ఉన్న వర్ణం ఇది అని నిర్ణయించడం. మరోమాటలో, చదవడం.

ఈ చదువు ఎలా సాగుతుందో చూడాలి. కొన్ని ఫాంట్లలో ‘ప్రజలు’ అన్న మాటలో క్రారవడి ముందు వచ్చి, ‘ప’ తరువాత వస్తుంది. యూనికోడ్ క్రమంలో ప, పొల్లు, ర రావాలి. జావాస్క్రిప్ట్‌లో ఈ పని సాధారణంగా వరుస ప్రత్యామ్నాయ సూత్రాలుగా రాస్తారు. పొడవైన ముక్కల సూత్రం ముందా, పొట్టి ముక్కల సూత్రం ముందా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఐత్వం ఇందుకు మంచి ఉదాహరణ. ఎత్వం, దాని కింది గుర్తు రెండుగా మిగిలిపోయినా తెర మీద ‘కై’ సరిగానే కనిపిస్తుంది. వెతికినప్పుడు మాత్రం ఒకే సంకేతంతో రాసిన ‘కై’తో కలవదు. ఈ రెంటినీ సమానం చేసే సాధనం జావాస్క్రిప్ట్‌లోకి 2015 నాటి ప్రమాణంతో వచ్చింది. పరికరం రాసినవారు దాన్ని పిలిస్తేనే అది పనిచేస్తుంది.

పొల్లు విషయం ఇంకా సూక్ష్మమైనది. పాత ఫాంటులో పొల్లు ఒక బొమ్మ. దాని తరువాత ఏ హల్లు వచ్చినా చెక్కుచెదరదు. యూనికోడ్‌లో పొల్లు తరువాత హల్లు వస్తే ఒత్తుగా దిగిపోతుంది. దిగకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక విడదీత సంకేతం కావాలి. అది తెలుగు గడిలోది కాదు, సాధారణ విరామచిహ్నాల గడిలోది. దాన్ని చేర్చని పరికరం ‘మహబూబాబాద్‌లో’ అన్నదాన్ని ‘మహబూబాబాద్లో’ అనీ, కొందరు రాసే ‘భూపాల్‌పల్లి’ని ‘భూపాల్పల్లి’ అనీ మారుస్తుంది. ఊరిపేరు ఆధారంగా జానపద కథనాలను వర్గీకరించే పరిశోధకునికి ఇది చిన్న తప్పు కాదు. ఒకే ఊరు సూచికలో రెండు మూడు ఊళ్లవుతుంది.

3. అరసున్న: సోమనాథుని దగ్గర, పోతన దగ్గర

పద్యపాఠం విషయంలో ప్రమాదం మరింత లోతైనది. మార్పిడి పట్టికలో అరసున్న రూపానికి స్థానం లేకపోయినా, ఆ రూపాన్ని నిండుసున్నగా పొరబడినా ఏమవుతుంది? ‘రాముఁడు’ భగణం. ‘రాముండు’ తగణం. వ్యాకరణరీత్యా రెండూ సాధురూపాలే కనుక అక్షరదోషాలు పట్టే యంత్రానికి ఇక్కడ పట్టడానికి ఏమీ లేదు.

పోతన వంటి కవి వృత్తంలో ఈ తప్పు దాగదు. ఉత్పలమాల పాదం భగణంతోనే మొదలు కావాలి; తగణం వస్తే ఛందోభంగం వెంటనే బయటపడుతుంది. దిలీప్ మిరియాల రూపొందించిన ‘ఛందం’ వంటి పరికరం అటువంటి పాదాన్ని గుర్తుపడుతుంది. సోమనాథుని ద్విపదలో పరిస్థితి పూర్తిగా వేరు. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. భగణమూ ఇంద్రగణమే, తగణమూ ఇంద్రగణమే. గణస్థానంలో ‘రాముఁడు’ పోయి ‘రాముండు’ వచ్చినా లెక్క సరిపోతుంది. వ్యాకరణం ఒప్పుకుంటుంది, ఛందస్సు ఒప్పుకుంటుంది, పాఠం మాత్రం మారిపోతుంది. ఇక అరసున్న పూర్తిగా జారిపోయి ‘రాముడు’గా మిగిలితే వృత్తంలోనూ గణం చెడదు, అక్కడ ఛందోయంత్రం కూడా మౌనమే వహిస్తుంది.

దీని పర్యవసానం గమనించదగినది. దేశి ఛందస్సుకు ఉన్న వెసులుబాటే దాని పాఠానికి రక్షణ లేకుండా చేస్తోంది. బసవపురాణం, పండితారాధ్య చరిత్ర వంటి ద్విపదకావ్యాల ఉద్ధరణలు ఉన్న సిద్ధాంతగ్రంథాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు యంత్రపరీక్షలు చాలవు. ముద్రితప్రతితో పంక్తి పంక్తి పోల్చక తప్పదు. పండితులను కూర్చోబెట్టి తాళపత్ర ప్రతులను పోల్చి చూపించిన బ్రౌన్‌కు ఈ శ్రమ ఎందుకో తెలుసు. మార్పిడి బొత్తాం నొక్కేవారికి ఆ అవసరమే తట్టకపోవడం విచిత్రం.

4. పరికరమే పాతబడినప్పుడు

ఈనాడు, వార్త వంటి పత్రికల జాలపుటలు సొంత ఫాంట్లతో వెలువడిన కాలంలో వాటిని యూనికోడ్‌లో చూపిన పొడిగింపు ‘పద్మ’. వెన్న నాగార్జున దాన్ని ఫైర్‌ఫాక్స్ కోసం జావాస్క్రిప్ట్‌లో రాశారు. వీవెన్ ‘లేఖిని’కి పునాది కూడా పద్మే. డెస్క్‌టాప్ మీద ఏదీ స్థాపించకుండా బ్రౌజర్‌లోనే తెలుగు టైపు చేయగలగడం లేఖినితో ఎందరికో అనుభవమైంది. ఇది తెలుగు లిపిచరిత్రలో దక్కవలసినంత గుర్తింపు దక్కని ఘట్టం.

అయితే 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడిగింపులన్నిటినీ నిలిపివేసింది. పద్మ రాసినది ఆ పాత పద్ధతిలోనే. పాత సాఫ్ట్‌వేర్ నుంచి పాఠాలను విడిపించిన పరికరం తానే పాత సాఫ్ట్‌వేర్ అయింది. బ్రౌజర్‌లోకి వచ్చినంత మాత్రాన పాఠానికి శాశ్వతత్వం రాదు. ఒక మేలు మాత్రం ఉంది: పద్మ సూత్రాలు చదవదగిన రూపంలో ఉండేవి, ఏ రూపాన్ని ఏ వర్ణంగా చదివిందో చూడవచ్చు. మూలం చూపని ఉచిత మార్పిడి పుటలకు ఆ గుణం లేదు. పరిష్కర్త ఎవరో, పరిష్కరణ సూత్రాలేమిటో చెప్పని ప్రతిని పండితలోకం ప్రామాణికంగా స్వీకరించదు. అదే ప్రమాణం ఇక్కడ ఎందుకు వర్తించకూడదు?

5. సరిదిద్దే ఆశ

మార్పిడి పూర్తయ్యాక, చేతిలో కొత్త ఫైలు ఉన్నప్పుడు, పాఠాన్ని ‘బాగుచేయాలన్న’ కోరిక పుడుతుంది. తెలంగాణ మాటకు ప్రామాణిక రూపం పెట్టే పదపట్టికలు ఈ కోరికకు తోడవుతాయి. మహబూబాబాద్ తండాల నుంచి సేకరించి తెలుగు లిపిలో రాసిన లంబాడీ పాటలకు తెలుగు పదపట్టికతో దిద్దుబాటు చేస్తే మిగిలేది లంబాడీ కాదు. దంత్య చ, జలకు (ౘ, ౙ) యూనికోడ్ 2008లోనే స్థానం కల్పించింది. సేకర్త చూపిన ఆ భేదం మార్పిడిలో పోతే తప్పు యూనికోడ్‌ది కాదు.

ఊళ్ల జిల్లాలూ ఇంతే. 2016 అక్టోబరు 11కు ముందు కూర్చిన పుస్తకంలో బమ్మెర వరంగల్ జిల్లాలోది. 2017 నాటి వ్యాసంలో మేడారం భూపాలపల్లి జిల్లాలోది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడ్డాక అది అక్కడిది. ‘వెతికి మార్చు’ అనే ఒక్క ఆజ్ఞతో వీటన్నిటినీ నేటి జిల్లాలకు మార్చడం క్షణంలో పని. అలా మార్చిన పాఠం ఏ కాలానిదో తరువాతి పరిశోధకుడు తేల్చుకోలేడు.

యూనికోడ్‌లోనే వ్యాసాలు కోరే అంతర్జాల పత్రికలు, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు మార్చిన పాఠంతో పాటు మూల ఫైలునూ, ముద్రితప్రతి పీడీఎఫ్‌నూ అడిగి భద్రపరచడం సాధ్యమైన పనే. ఏ ఫాంటు నుంచి, ఏ పరికరంతో, ఏ తేదీన మార్చారో, పద్యోద్ధరణలను ఎవరు సరిచూశారో పీఠికలో రెండు వాక్యాలు రాయించవచ్చు. కూర్పు కేంద్రపు పాత కంప్యూటరు పాడైన రోజున ఆ మూల ఫైలు ఇంకెక్కడా దొరకదు.