అమ్మమ్మ చుట్టా, అల్లుడి సిగారూ

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది మాదాపూర్‌లో, పద్నాలుగో అంతస్తులో. బాల్కనీలో నిలబడితే దుర్గం చెరువు మీద 2020లో తెరిచిన తీగల వంతెన రంగురంగుల దీపాలతో పెళ్ళిపందిరిలా కనిపిస్తుంది. ఇటు తిరిగితే అన్నీ అద్దాల ఆఫీసులే. 1998లో వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో ఈ చుట్టుపక్కల ఎటు చూసినా రాళ్ళూ గుట్టలే. ఇప్పుడు ఎక్కడైనా ఒక రాయి మిగిలితే దాని చుట్టూ పచ్చగడ్డి పెంచి అందం అంటున్నారు.

ఆ బాల్కనీలోనే కిందటి నెల నేను సిగారు రుచి చూశాను.

అయ్యో, అరవై దాటాక ఈవిడకిదేం పోయేకాలం అనుకోకండి. మా అల్లుడికి అమెరికా నుంచి వచ్చిన పై ఆఫీసరొకాయన రెండు సిగార్లు బహుమానం ఇచ్చాడట. నికరాగువా దేశపు సరుకు. వాటికో కొయ్యపెట్టె, పెట్టెలో తేమ కొలిచే గడియారంలాంటి ముల్లు. తేమ 65కీ 70 శాతానికీ మధ్య ఉండాలట, తగ్గితే ఆకు పెళుసెక్కుతుంది, పెరిగితే బూజు పడుతుంది. "అచ్చం మీ ఆవకాయ జాడీలాగే అత్తయ్యగారూ, తడి చెయ్యి తగలకూడదు" అన్నాడు. ఆవకాయతో పోల్చాక ఇంక నేను కుర్చీలోంచి లేస్తానా?

చూడ్డానికి బాగుంది, కాదనను. సన్నగా, రివటలా, ఏడున్నర అంగుళాల పొడుగు. లావు కొలవడానికి వాళ్ళకో లెక్క ఉంది. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో ఎన్ని భాగాలో అది దాని లావు. దీనిది 38. అంటే మన చిటికెన వేలు. పై ఆకు ముదురు చాక్లెట్ రంగులో, నూనె రాసినట్టు మెరుస్తోంది. ఎక్కడా ఈనె పైకి తేలలేదు, అతుకు కనబడలేదు. పట్టుచీరకు ఫాల్ కుట్టిన పనితనం. ఆ చేతులెవరివో గాని దండం పెట్టచ్చు.

"ఇది ఫుల్‌బాడీ సిగారు" అన్నాడు. ఇంత సన్నగా ఉంటే ఫుల్‌బాడీ ఏమిటయ్యా అన్నాను. ఒళ్ళు కాదట, ఘాటు. పొగాకు మొక్కకి తల దగ్గరుండే ఆకులు ఎండ ఎక్కువ తాగి మందంగా, జిగురుగా తయారౌతాయి. వాటి పాలు ఎక్కువైతే సిగారు 'నిండుగా' ఉంటుందన్నమాట. పైగా సన్నదానిలో లోపలి ఆకు తక్కువ, పైచుట్టు ఆకు పాలు ఎక్కువ. అందుకని నాలిక్కి తెలిసేది ముఖ్యంగా ఆ పై ఆకే. బూరెలో పూర్ణం తగ్గితే తోపు రుచే పైకి తేలుతుంది చూడండి, అలాగ.

దానితోబాటు గుణగణాలు వర్ణించిన కాగితం ఒకటి వచ్చింది. అందులో ఏమున్నాయని! తోలు, కోకో, దేవదారు కొయ్య, నల్ల మిరియాలు. చివర్లో, 'అంగిలి మీద చాలాసేపు నిలిచే వెచ్చదనం.'

ఇంతవరకూ నవ్వుతూ విన్నదాన్ని ఆ మాట దగ్గర ఆగిపోయాను. కారణం తరవాత చెబుతాను.

ముందు నా సమీక్ష చెప్పనివ్వండి. పులుసులో ఇంగువ ఎక్కువైతే వీధిగుమ్మంలోనే పసిగట్టే ముక్కు నాది, అర్హత లేదనడానికి వీల్లేదు. వెలిగించక ముందు వాసన అద్భుతం. ఎండు ద్రాక్ష, కొత్త గోనెసంచీ, పశువుల పాక పక్కన ఆరబెట్టిన గడ్డి, మూడూ కలిస్తే అది. దేవదారు సంగతి నాకు తెలీదు, నేను చూసిన కొయ్య టేకే. వెలిగించాక మొదటి మూడో వంతు మిరియాలే మిరియాలు. కాగితం అబద్ధం చెప్పలేదు. ఒక్కటంటే ఒక్క దమ్ము నేనూ లాగాను. పొగ గుండెల్లోకి దించకూడదట, నోట్లో తిప్పి వదిలెయ్యాలట. నాలిక అంచులు చుర్రుమన్నాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మా అమ్మాయి నెత్తి కొట్టుకుంది. మిగతాది అల్లుడి మొహం చూసీ, గాలివాటున వచ్చిన పొగ పీల్చీ చెబుతున్నాను.

మధ్య భాగం దీని మంచితనం. ఘాటు తగ్గి, మాడీ మాడని కాఫీగింజల కమ్మదనం వచ్చింది. బూడిద తెల్లగా, ఒక అంగుళం దాకా రాలకుండా నిలిచింది. అది బాగా చుట్టినదానికి గుర్తట. ఇక ఆఖరి భాగం నాకు నచ్చలేదు. సన్నది కదా, నిమిషానికొక దమ్ము మించితే వేడెక్కిపోతుంది. వేడెక్కితే చేదు. మా అల్లుడికి పోన్లో ఏదో మీటింగు పిలుపు రావడంతో గబగబా లాగేశాడు. ఇక అది మాడిన తాలింపే. రెండు గంటలు తీరిగ్గా కూచోగలవాళ్ళ వస్తువుని, పావుగంట తీరిక లేని ఊళ్ళో కాల్చడం దాని తప్పు కాదనుకోండి.

ఇప్పుడు ఆ 'అంగిలి' సంగతి.

మాది శ్రీకాకుళం వైపు. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళకి చెబుతున్నాను, అడ్డపొగ అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. ఆ వైపు పల్లెల్లో ఆడవాళ్ళకి అది వక్కపొడి నమిలినంత మామూలు. నాట్లు వేసేటప్పుడు రెండు చేతులూ తీరికలేవు, సముద్రపు గాలికి నిప్పు ఆరిపోతుంది, పెద్దల ఎదుట ఎర్రగా మండుతూ కనిపించడం మర్యాద కాదు. ఇన్ని కారణాలకి ఒకటే ఉపాయం, నిప్పుని నోట్లో దాచెయ్యడం. గిరీశం వెంకటేశానికి చుట్ట నేర్పాడంటే 1892 నుంచీ నాటకం చూసి నవ్వుతూనే ఉన్నాం. అమ్మమ్మ చుట్టలో నవ్వే సందు లేదు. ఇంటిపనంతా అయ్యేదాకా అలా నోట్లో ఉండేది.

పొగాకు ఎన్నికలో ఆవిడ ముందు ఆ కాగితం రాసినాయన ఎందుకూ చాలడు. సంతలో ఆకు తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, ఒక్కసారి వాసన చూసి, "ఇది నీరు పట్టిన ఆకు", "ఇది తల ఆకు, మనిషిని పడేస్తాది" అనేది. మా అల్లుడు ఇంగ్లీషులో చెప్పిన తల ఆకు రహస్యం ఆవిడ నాకు ఏడో ఏటనే చెప్పింది. తడిగుడ్డలో చుట్టి, కుండలో పెట్టి, మూత మీద రాయి పెట్టేది. అదీ ఆవిడ తేమపెట్టె. చుట్టడం తొడమీదే, ఒక్క అరచేతి దోపుతో. ఇంగ్లీషువాళ్ళ 'చెరూట్' మాట కూడా మన దక్షిణాది 'చుట్టడం' లోంచి పోయిందే. గోదావరి లంకల ఒండ్రుమట్టిలో పండిన ఆకు ఎంత దూరం వెళ్ళిందంటే, 1890లో వచ్చిన కథలో షెర్లాక్ హోమ్స్ బూడిద చూసి లంక చుట్టని గుర్తుపట్టగలనని గొప్పలు పోతాడు. క్యూబాలో చుట్టేవాళ్ళకి విసుగు పుట్టకుండా 1865 నుంచీ నవలలు చదివి వినిపించేవాళ్ళట. మాంటెక్రిస్టో అనే సిగారుకి ఆ పేరు డ్యూమా నవల వల్లే వచ్చింది. మా అమ్మమ్మకి చదివి వినిపించింది నేనే, వారపత్రికలో సీరియల్. ఆవిడకి చదువు రాదు.

1973లో అనుకుంటాను, ఒకరోజు పులుసులో ఉప్పు వెయ్యలేదని అమ్మ మీద కేకలేసింది. ఉప్పు సరిగ్గానే ఉంది. మర్నాడూ అదే మాట. అంగిలి ముందు తెల్లబడి, తరవాత పుండు పడింది. విశాఖపట్నం తీసుకెళ్ళారు. డాక్టరుగారు టార్చి వేసి చూసి, మా మేనమామని పక్కకి పిలిచారు. ఏడాది తిరక్కుండానే వెళ్ళిపోయింది. ఆఖరి నెలల్లో గంజి కూడా వేడో చల్లో ఆవిడకి తెలిసేది కాదు. అప్పటికి రెండేళ్ళ క్రితమే, 1971లో, బ్రిటన్‌లో వెలువడే కాన్సరు పత్రికలో ఒక వ్యాసం వచ్చిందని చాలా కాలానికి తెలిసింది. ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్ళు తెరిపించి చూసి, అడ్డపొగ అంగిలినేం చేస్తుందో రాశారందులో. సీరియళ్ళు చదివే మా ఇంటికి అది ఎలా చేరుతుంది?

"గుండెల్లోకి దించం కదా అత్తయ్యగారూ, ఫరవాలేదు" అన్నాడు అల్లుడు. మా అమ్మమ్మకి పోయింది గుండెలు కాదు బాబూ, నోరు అన్నాను.

ఆ కాగితం రాసేవాళ్ళు నూటికి మార్కులు వేస్తారట. నన్నూ వెయ్యమన్నాడు. పనితనానికీ వాసనకీ మధ్యభాగానికీ కలిపి 82 వేశాను. ఆఖరి చేదుకి కొన్ని తీశాను. 'అంగిలి' అన్న మాటకి ఎన్ని తియ్యాలో తెలియక ఊరుకున్నాను.

తరవాత పోన్లో టార్చి వెలిగించి, "ఏదీ, ఒకసారి నోరు తెరవండి బాబూ" అన్నాను. పెద్ద కంపెనీలో నలభైమందిని ఆడించే మనిషి, చిన్నపిల్లాడిలా తలెత్తి ఆ అన్నాడు. మా అమ్మాయి కూడా వచ్చి నా భుజం మీంచి తొంగి చూసింది. గులాబీ రంగులో, నున్నగా, శుభ్రంగా ఉంది. రెండో సిగారు ఇంకా ఆ కొయ్యపెట్టెలోనే ఉంది. పెట్టె మాత్రం మా అమ్మాయి బీరువాలోకి మారింది.