చెంచుల చిత్రణ: ఛాయాచిత్రం, కథనం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
నల్లమల చెంచులను ఆధునిక పాఠకలోకం ప్రధానంగా రెండు మార్గాల్లో ఎరుగును. ఒకటి మానవశాస్త్రజ్ఞుల ఛాయాచిత్రం, రెండవది చెంచులక్ష్మి కథ. మొదటిది చెంచును ‘జాతి నమూనా’గా నిలబెట్టింది. రెండవది చుట్టరికం కలిపి దగ్గరకు తీసింది. ఈ రెండింటిలోనూ చెంచు ‘అన్యుడు’గా మిగిలిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చెంచులు, నల్లమల, ఛాయాచిత్రం, జాతిభావన, అన్యీకరణ, చెంచులక్ష్మి, అహోబిలం.

1. ఉపోద్ఘాతం:
నంద్యాల జిల్లాలో జూపాడు బంగ్లా, ఆత్మకూరు ఒకవైపు, ఆళ్లగడ్డ, అహోబిలం మరొకవైపు నల్లమలకు అంచుగా ఉన్నాయి. మైదానపు వ్యవసాయ సమాజం, అడవిని ఆశ్రయించిన చెంచు సమాజం పరస్పరం ఎదురయ్యే చోట్లివి. తెలుగులో ‘జాతి’ అన్న ఒక్క మాటే కులానికి, తెగకు, దేశీయతకు, శరీర లక్షణాలపై ఆధారపడిన మానవ విభజనకు వాడుకలో ఉంది. ఈ అర్థసంకరం చెంచుల చిత్రణలోనూ కనిపిస్తుంది. పుట్టుకనుబట్టి నిర్ణయించిన దూరం ఒకచోట శాస్త్రంగా, మరొకచోట పురాణంగా రూపం ధరించింది.

2. ఛాయాచిత్రం – జాతి నమూనా:
మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధ్యక్షుడు ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి సహకారంతో దక్షిణభారత కులాలు, తెగలపై 7 సంపుటాలను 1909లో ప్రకటించాడు. తల, ముక్కు కొలతల ద్వారా మనుషులను వర్గీకరించవచ్చునన్న నమ్మకం ఆ కృషికి పునాది. ఇటువంటి గ్రంథాలలో ఛాయాచిత్రం కొలతకు సాక్ష్యం. బొమ్మ కింద వ్యక్తి పేరు ఉండవలసిన చోట సమూహం పేరు నిలుస్తుంది. చూసేవాడికి ఎదుట ఉన్నది ఒక మనిషి అయినా, చూడమని చెప్పేది ఒక తెగను.

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ పద్ధతిని కొంత దాటాడు. 1940లో కృష్ణకు ఉత్తరాన, నాటి హైదరాబాదు రాజ్యంలోని అమ్రాబాదు పీఠభూమిలో చెంచుల మధ్య నివసించి, 1943లో వారిపై గ్రంథం వెలువరించాడు. వేట, దుంపల సేకరణ, గుడిసె, వంశసంబంధాలు, గారెల మైసమ్మ ఆరాధన అందులో నమోదయ్యాయి. కెమెరా అక్కడ కొలబద్దగా గాక సహవాసానికి ఫలితంగా పనిచేసింది. అయినా చెంచులను ‘వెడ్డాయిడ్’ జాతికి చెందిన ప్రాచీన మానవుల శేషంగా భావించడం ఆయన కూడా మానలేదు. స్నేహం పెరిగినా కాలం చెరిసగం కాలేదు. చూసేవాడు వర్తమానంలో, చూడబడేవాడు గతంలో నిలిచిపోయారు. నేడు ఆ ఛాయాచిత్రాలు లండన్ విశ్వవిద్యాలయ ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థ భాండాగారంలో ఉన్నాయి. చెంచుల పూర్వీకుల ముఖాలు చెంచుగూడేలకు అందనంత దూరంలో భద్రపడ్డాయి.

3. కథనం – చుట్టరికం:
అదే 1943లో ‘చెంచులక్ష్మి’ చలనచిత్రం విడుదలైంది. బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో 1958లో ఆ కథ మళ్లీ తెరకెక్కింది. ఈ వస్తువు సినిమా కంటే చాలా పాతది. ఓబయమంత్రి ‘గరుడాచలం’ యక్షగానం అహోబిల నరసింహుని, చెంచితను నాయికానాయకులుగా నిలిపింది.

ఈ కథలో గమనింపదగిన అంశం పరీక్ష. చెంచితను వరించిన నరహరి అడవి విద్యల్లో తన యోగ్యతను నిరూపించుకోవాలి. 1958 చిత్రంలో చెట్టెక్కగలవా అని అతడినే నిలదీస్తుంది నాయిక. ఈ సన్నివేశం మేరకు కొలిచేది చెంచు, కొలతకు నిలబడేది దేవుడు. థర్స్టన్ కొలబద్ద ఇక్కడ తిరగబడింది. కాని ఈ తలకిందుల స్థితి ఎంతోసేపు నిలవదు. నాయిక లక్ష్మీదేవి అంశ అని తేలగానే ఆమె చెంచుతనం తాత్కాలిక వేషమవుతుంది. ఆమె గౌరవార్హురాలైంది చెంచు కావడం వల్ల కాదు, చెంచు కాకపోవడం వల్ల. సవతుల సంవాదంలో పుట్టుక, తిండి, కట్టు ఎత్తిపొడుపులుగా మారడం ఈ దూరానికి మరో నిదర్శనం. గారెల మైసమ్మకు ఈ కథలో చోటు లేకపోవడమూ ఆలోచించదగినదే.

4. ‘బావ’ అన్న పిలుపు:
గూడేల వైపునుంచి చూస్తే ఇదే కథ మరొక అర్థాన్నిస్తుంది. ఓబులేసుడు తమ ఆడపడుచును పెళ్లాడిన బావ, ఇంటి అల్లుడు. శ్రీశైలంలో శివుడు చెంచు మల్లయ్య. సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకిలో ఆళ్లగడ్డ చుట్టుపక్కల గ్రామాలు తిరిగి, తన కల్యాణానికి తానే పిలుపులు చేస్తాడు. తెలుగునాట వావివరుస కలపడం స్నేహానికి పైమెట్టు. వరుసతో పాటు హక్కు, బాధ్యత, మందలించే చనువు వస్తాయి. ఉత్సవంలో ఈ చుట్టరికాన్ని ఒప్పుకున్న మైదాన సమాజం, పంక్తిలోను పొలంగట్టు మీదను దాన్ని అంతే ఒప్పుకుందా అన్నదే అసలు ప్రశ్న. ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహాల జాబితాలో చెంచులు నేటికీ ఉండడం ఆ ప్రశ్నను తీవ్రం చేస్తుంది.

ఆధునిక నవల ఇక్కడ వేరొక దారి చూపింది. వృత్తిరీత్యా కుష్ఠువ్యాధి వైద్యుడైన డా. కేశవరెడ్డి ‘చివరి గుడిసె’లో, నేరస్థులన్న ముద్ర మోసిన యానాదులను కథాకేంద్రంలో నిలిపారు. అక్కడ గౌరవం పొందడానికి పాత్ర దైవాంశ కానక్కరలేదు.

5. ముగింపు:
1. ఛాయాచిత్రం శరీరాన్ని భద్రపరిచి పేరును విస్మరించింది. పౌరాణిక కథనం పేరునిచ్చి అస్తిత్వాన్ని తనలో కలుపుకొంది.
2. హైమెన్‌డార్ఫ్ కృషి, సహవాసం జాతిభావనను సడలించగలదని, తొలగించలేదని నిరూపిస్తుంది.
3. చెంచుల మౌఖిక సంప్రదాయంలోని ‘బావ’ అన్న పిలుపు సమానత్వ ప్రకటన. పరిశోధన దానిని కేవలం భక్తిగా కుదించరాదు.
4. భాండాగార చిత్రాలను గూడేలకు చేర్చి, వాటిలోని వ్యక్తులను వారి వారసుల చేత గుర్తింపజేయడం తదుపరి పరిశోధకుల కర్తవ్యం. బొమ్మ కింద తెగ పేరుకు బదులు మనిషి పేరు చేరినప్పుడే చిత్రణలో అన్యీకరణ తగ్గడం మొదలవుతుంది.